పైలెక్క, లోలెక్క

ఇంకో రెండు పత్తికట్టెలు వెయ్యరా అబ్బాయ్, మంట దిగిపోతోంది. ఇందాక మీ నాన్న ఏమన్నాడు? ఎమ్మెల్యే కావాలంటే డబ్బుంటే చాలన్నాడు. వాడికి తెలిసింది సగమే. కోట్లు పోసి బోర్లాపడ్డ వాళ్లని చూశాను నేను. భుజాన గుడ్డసంచి తగిలించుకుని అసెంబ్లీకెళ్లిన మనిషినీ చూశాను. ఆ సంచి మనుషులు ఇప్పుడు ఎందుకు నిలబడట్లేదో మీ నాన్నని చెప్పమనండి చూద్దాం.

మొదటి ఎలక్షన్లు 1952లో. మనకింకా ఆంధ్ర రాష్ట్రం రాలేదు, మద్రాసు కిందే ఉన్నాం. నాకు పన్నెండేళ్లు. సంక్రాంతి రోజుల్లోనే అనుకుంటా, ఊళ్లో ఒకటే సందడి. తర్వాతి రోజుల్లోలా ఓటు కాగితం మీద ముద్ర వేసేది లేదు. నిలబడ్డ ప్రతివాడికీ ఒక ఇనప్పెట్టె, దాని మీద వాడి గుర్తు బొమ్మ అంటించి ఉండేది. కాంగ్రెస్‌ది కాడెద్దులు, కమ్యూనిస్టులది కంకి కొడవలి. చేతికిచ్చిన కాగితం తీసుకుని చాటుకెళ్లి నీకు నచ్చిన పెట్టెలో వేసి రావాలి. మా ముసలమ్మలు కొందరు కాడెద్దుల పెట్టెకి దణ్ణం పెట్టి వచ్చారని చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.

అప్పట్లో డబ్బు లేదని, అంతా ధర్మంగా జరిగిందని మీ బళ్లో చెబితే నమ్మకండి. ఆ పెట్టెల పద్ధతిలోనే ఒక కిటుకుంది. చాటుకెళ్లిన మనిషి కాగితం పెట్టెలో వెయ్యడు, బొడ్లో దోపుకుని బయటికొస్తాడు. చెట్టు కింద కూర్చున్న వాడి చేతిలో పెట్టి అర్ధో రూపాయో పుచ్చుకుంటాడు. ఆ కాగితాలన్నీ పోగేసుకుని ఒక నమ్మకస్తుడు లోపలికెళ్లి తమ పెట్టెలో గుత్తగా వేసి వస్తాడు. చెట్టు కింద అర్ధరూపాయి బిళ్లలు చేతులు మారడం నా కళ్లతో చూశాను. 1962 ఎన్నికలకి పెట్టెలు తీసేసి, అందరి పేర్లూ ఒకే కాగితం మీద అచ్చేసి ముద్ర వెయ్యమన్నారు. అట్టా తేవడానికి ఉన్న కారణాల్లో ఈ కాగితాల బేరం కూడా ఒకటి.

అయినా ఆ బేరం కొద్దిపాటిదే. ఎందుకంటే అప్పుడు ఓటు కొనాల్సిన పని పెద్దగా లేదు. ఊరి మునసబు అరుగు మీదకి అభ్యర్థి వచ్చేవాడు. మజ్జిగ తాగేవాడు, పంటల సంగతి మాట్లాడేవాడు. వెళ్లేటప్పుడు మునసబు, "మీరు నిమ్మళంగా వెళ్లండి, ఊరు నేను చూసుకుంటా" అనేవాడు. అంతే, అయిపోయింది ప్రచారం. పాలెంలో ఉన్న పాలేర్లకి కల్లంలో గింజలు ఎవరు కొలవాలి? ఆ మునసబో, ఆయన బావమరిదో. ఆ చేత్తో గింజలు పోయించుకునేవాడు వేరే పెట్టెలో కాగితం వేస్తాడా? ఓటుకి ధర లేదంటే ఓటు పవిత్రంగా ఉందని కాదు. అది ఆ మనిషి చేతిలో లేదు, అందుకని. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దీని దగ్గరకి.

ఇంత చెప్పాక ఇంకో మాటా చెప్పాలి. అంత పట్టున్న మునసబులూ, అంత సొమ్మున్న పెద్దలూ ఉండి కూడా ఆ 1952లో మన వైపు కాంగ్రెస్ బాగా దెబ్బతింది. మద్రాసు మంత్రివర్గంలో ఉన్న బెజవాడ గోపాలరెడ్డి గారు, కళా వెంకటరావు గారు ఓడిపోయారు. మంత్రులయ్యా! వాళ్లకేం డబ్బు తక్కువా, జీపులు తక్కువా? జనం ఒక గాలికి లేస్తే అరుగు మీది పెద్దరికం ఆగదు.

మళ్లీ 1955లో చూడండి. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక జరిగిన ఎన్నికలు. కమ్యూనిస్టులు మనదే రాజ్యమనుకున్నారు. కాంగ్రెస్ వాళ్లు, కృషికార్ లోక్ పార్టీ వాళ్లు, ప్రజా పార్టీ వాళ్లు అందరూ ఒక జట్టయ్యారు. ఆ ఏడు డబ్బు పోశారు, నిజమే. గోడలన్నీ కాగితాలే. రష్యా వాళ్ల ప్రావ్దా పత్రిక నెహ్రూ గారిని మెచ్చుకుంటూ రాస్తే, దాన్నే అచ్చేసి కమ్యూనిస్టుల మీదకి వదిలారు. భలే ఎత్తు. తీరా ఫలితం చూస్తే కమ్యూనిస్టులకి ఓట్లు అంతకు ముందుకంటే పెరిగాయి, సీట్లు మాత్రం 196లో 15కి దిగాయి. వాళ్లని ఓడించింది కాగితాల ఖర్చని కొందరంటారు. నేనట్టా అనను. ముగ్గురి ఓట్లు ఒక్క చోట పడ్డాయి, అదీ సంగతి.

ఇప్పుడు సంచి మనిషి దగ్గరకొద్దాం. వావిలాల గోపాలకృష్ణయ్య గారు. మన సత్తెనపల్లి మనిషే. ఖద్దరు పంచె, భుజాన సంచి. బస్సు ఉంటే బస్సు, లేకపోతే కాళ్లు. 1952 నుంచి 1972 దాకా నాలుగు ఎన్నికల్లో ఆయన్నే పంపించింది సత్తెనపల్లి. పార్టీ జెండా లేకుండా ఇండిపెండెంటుగా నిలబడి కూడా గెలిచారు. ఎదురుగా నిలబడ్డ వాళ్లు ఏమన్నా సామాన్యులా? భూములున్నోళ్లు, మిల్లులున్నోళ్లు. ఆయన డిపాజిట్టు 250 రూపాయలు కట్టాలి. అప్పటి చట్టం ప్రకారం అసెంబ్లీకి అంతే. పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అదీ పోతుంది. ఆ 250 చందాలేసి కట్టడానికి ఊళ్లలో కుర్రాళ్లు, పంతుళ్లు ముందుకొచ్చేవాళ్లు. మేం రాత్రిళ్లు లాంతరు పట్టుకుని తిరిగాం ఆయన కోసం. మాకు ఎవడూ టీ నీళ్లు కూడా పోయించలేదు, మేం అడగలేదు. మా అమ్మ చద్దెన్నంలో మిరపకాయ పచ్చడేసి మూటగట్టి ఇచ్చేది. ఇయ్యాల ఒక కుర్రాణ్ణి జెండా పట్టుకుని ఊరి చివరిదాకా నడవమను. ముందు బిర్యానీ పొట్లం ఏదంటాడు. తప్పు వాడిది కాదులే. జెండా మోయించుకునేవాడు ఏం సంపాదిస్తున్నాడో వాడికి కనబడుతోంది.

నాకు డబ్బు సంగతి లోపలినుంచి తెలిసింది 1978లో. అప్పటికి నేను సత్తెనపల్లిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాని. మా షావుకారుకి దగ్గరి మనిషి ఒకాయన పక్క నియోజకవర్గంలో నిలబడ్డాడు. పేరెందుకులే, పోయాడు పాపం. నా దస్తూరీ బాగుంటుందని లెక్కలు రాయడానికి నన్ను పంపారు. వెళ్లగానే రెండు పుస్తకాలు ముందు పెట్టారు. ఒకటి పైలెక్క, ఒకటి లోలెక్క. పైలెక్క కలెక్టరాఫీసుకి. ఫలితమొచ్చిన నెల రోజుల్లో ఖర్చు లెక్క అప్పజెప్పాలని చట్టం. అది ముత్యాల్లాంటి అక్షరాలతో రాయాలి: కరపత్రాలకింత, మైకు అద్దెకింత, జీపు డీజిలుకింత. లోలెక్క అట్ట చిరిగిపోయిన పద్దు పుస్తకం. అందులో ఏముండేవో చెప్పనా? గోడలకి సున్నం, నీలిమందు మూటలు. గోడ రాసేవాళ్లకి సారా. ఫలానా ఊరి పెద్దకి "గుడి మరమ్మతు". ఫలానా పేటకి "పెట్రోమాక్సు లైటు". ఇడ్లీలు, ఇడ్లీలు, ఇడ్లీలు. బీడీ కట్టలు. ఎదుటి పక్షంలోంచి లాక్కొచ్చిన మనిషికి "ప్రయాణ ఖర్చులు". పోలింగు రోజు బండ్లు. జనాన్ని ఓటుకి బండెక్కించి తీసుకెళ్తే నేరమని చట్టంలో ఉంది. అందుకని అది "వడ్ల తోలకం" కింద రాయించారు నాచేత. ఫిబ్రవరి నెలలో మా ఊళ్లకి వడ్ల తోలకమేంటి అని నేనంటే, ఆయన పక్కనున్న వకీలు నవ్వి, "రాయవయ్యా గుమాస్తా, ఈ పుస్తకం కలెక్టరు చూసేది కాదుగా" అన్నాడు.

ఆ వకీలే చెప్పాడు నాకు అసలు గుట్టు. 1974లో ఢిల్లీలో ఒక పార్లమెంటు సీటు కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చిందంట. పార్టీ పెట్టినా, స్నేహితులు పెట్టినా, అభ్యర్థికి తెలిసి జరిగిన ఖర్చంతా ఆయన ఖాతాలోకే వస్తుందని. ఇంకేముంది, ఢిల్లీలో గుండెలు గుభేలుమన్నాయి. వెంటనే చట్టం మార్చేశారు. పార్టీ ఖర్చు, స్నేహితుల ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదన్నారు. అంతకు ముందే, 1969లో, కంపెనీలు పార్టీలకి చందాలివ్వకూడదని నిషేధించారు. వినడానికి బాగుంది కదా? ఇచ్చేవాడు ఇవ్వడం మానలేదు, చెక్కు రాయడం మానేశాడు. చందాలన్నీ బస్తాల్లోకి దిగాయి. 1985లో ఆ నిషేధం ఎత్తేసినా, బస్తా అలవాటు పోలేదు. మొన్నమొన్న 2018లో బాండ్లని తెచ్చారు. ఎవరిచ్చారో జనానికి తెలియని చందా. అవి చెల్లవని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

సరే, నేను లెక్కలు రాసిన మా ఆయన సంగతి. అంత పెట్టి ఏమయ్యాడనుకున్నారు? ఓడాడు. ఆ జనవరిలోనే ఇందిరమ్మ కొత్తగా కాంగ్రెస్ ఐ పెట్టింది. కొత్త గుర్తు, హస్తం. నిండా రెండు నెలలు కాకుండానే రాష్ట్రమంతా ఊడ్చేసింది. ఆ గుర్తు మీద నిలబడ్డ వాళ్లలో చాలామందికి జీపుకి డీజిలు కొట్టించే దిక్కు లేదు. మా ఆయన లోలెక్క కూడి చూసుకుని పదెకరాలు అమ్మాడు. పైలెక్క మాత్రం ఒక్క పైసా పరిమితి దాటకుండా కలెక్టరాఫీసుకి చేరింది, నేనే ఇచ్చొచ్చాను. రసీదు కూడా తెచ్చా.

1983 ఇంకోటి. ఎన్టీ రామారావు గారు పార్టీ పెట్టింది 1982 మార్చిలో, ఎన్నికలు 1983 జనవరిలో. చైతన్యరథం మీద నుంచుని ఆయన ఊరూరా తిరిగారు. టిక్కెట్లు ఎవరికిచ్చారు? డాక్టర్లకి, వకీళ్లకి, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లకి. జనం తమ డబ్బుతో తమ జీపుకి తామే డీజిలు పోయించుకుని తిరిగారు. నరసరావుపేటలో కోడెల శివప్రసాదరావు గారని డాక్టరు మొదటిసారి గెలిచారప్పుడే. ఆ మొదటి ఎన్నికకి తనకి 30 వేలు ఖర్చయిందని తర్వాత ఆయనే చెప్పారు. ఈ అంకె పక్కన పెట్టుకోండి, పని ఉంది.

రామారావు గారి ప్రభుత్వమే 1984 జనవరిలో మునసబు కరణాల వ్యవస్థ ఎత్తేసింది. సాగర్ నీళ్లొచ్చి అప్పటికే మనకి కూలి దొరికే రోజులు పెరిగాయి. పాలేరుతనం పోయి రోజు కూలీ అయ్యింది. కల్లంలో గింజల కోసం ఒకళ్ల మొహం చూసే పని తప్పింది. అప్పుడు అరుగు మీది పెద్దమనిషి, "ఊరు నేను చూసుకుంటా" అంటే నమ్మేవాడు లేడు. ఊరు ఆయన చేతిలోంచి జారిపోయింది కదా! ప్రతి ఇల్లూ విడిగా అడగాల్సొచ్చింది. అదీ నేను మళ్లీ వస్తానన్న మాట. ఓటు నిజంగా మనిషి చేతికొచ్చిన నాడే దానికి ధర పుట్టింది. ఇది మంచా చెడా అని నన్నడగొద్దు. మా పాలెంలో ముసలాయన ఒకడు, "అయ్యా, అప్పుడు నా ఓటు మీరు ఊరికే తీసుకున్నారు, ఇప్పుడు కాస్త డబ్బిచ్చి తీసుకుంటున్నారు" అన్నాడు నా మొహం మీదే. నేనేం జవాబు చెప్పను?

మొదట సారా పొట్లాలు. సారా వద్దని ఆడవాళ్లు దూబగుంటలో లేచారు, 1993లో సారా నిషేధం వచ్చింది. అప్పటికే శేషన్ గారు వచ్చి ఉన్నారు ఎన్నికల కమిషనరుగా. అబ్బో, ఏం హడావుడి! గోడ మీద రాతలొద్దు, రాత్రి పదైతే మైకొద్దు, ఖర్చు చూడటానికి పరిశీలకులు. ఊళ్లు శుభ్రంగా కనబడ్డాయి, కాదనను. ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఖర్చు తగ్గిందా? గోడ మీది డబ్బు కవర్లోకి దూరింది. జెండాలైతే లెక్కపెట్టొచ్చు, పరిశీలకుడికి కవరెట్టా కనబడుతుంది?

తర్వాత మిషన్లొచ్చాయి. 2004కి దేశమంతా అవే. కాగితాలున్నప్పుడు బూత్‌ల ఓట్లు కలిపేసి లెక్కపెట్టడమూ ఉండేది. మిషన్‌తో ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో తేటతెల్లం. ఇది ఎవరికి అక్కరకొచ్చిందంటే, డబ్బు పంచేవాళ్లకి. "మీ బూత్‌కి ఇంత పంపాం, మనకి పడ్డవి ఇన్ని, మిగతాది ఎక్కడ నొక్కేశావ్?" అని మధ్యమనిషిని నిలదీయొచ్చు.

ఇప్పుడు ఆ పక్కన పెట్టిన 30 వేలు తియ్యండి. 2014లో కోడెల గారు మన సత్తెనపల్లిలోనే నిలబడ్డారు, గెలిచి కొత్త ఆంధ్రప్రదేశ్‌కి మొదటి స్పీకరయ్యారు. 2016లో ఒక టీవీ ముచ్చట్లో, తన మొదటి ఎన్నికకి 30 వేలైతే ఈ ఎన్నికకి పదకొండున్నర కోట్లయిందని అన్నారు. 2014లో అసెంబ్లీ అభ్యర్థికి చట్టం పెట్టిన పరిమితి 28 లక్షలు. కరీంనగర్ కోర్టులో కేసు కూడా పడింది ఆ మాట మీద. అందరూ ఆయన్ని ఆడిపోసుకున్నారు. నాకైతే ఆయన మీద కోపం రాలేదు. లోలెక్క పుస్తకాన్ని నలుగురి ముందు తెరిచిన మొదటి మనిషి ఆయనే అనిపించింది. మిగతావాళ్లంతా ఇంకా పైలెక్కే చూపిస్తున్నారు కదా. ఇంతకీ ఆయన గెలిచిందెంతతో? 924 ఓట్లతో. ఐదేళ్లు తిరగ్గానే అదే సత్తెనపల్లిలో ఓడిపోయారు. వావిలాల గారిని సంచితో నాలుగుసార్లు పంపిన సత్తెనపల్లే ఇది. వేరే ఊరు కాదు.

మరి డబ్బు గెలిపిస్తుందా లేదా? ఇద్దరూ పంచుతారు. ఒకడు వెయ్యిస్తే ఇంకొకడు పదిహేనొందలిస్తాడు. గెలిచేది ఒక్కడే, ఓడినవాడూ పంచినవాడే. అంటే పంచితే గెలుస్తాడని కాదు. పంచకపోతే లెక్కలోకే రాడు. అందుకే పార్టీవాళ్లు మొదట అడిగేది నీకు ఊళ్లో ఏం పేరుందని కాదు, ఎంత పెట్టుకోగలవని. పంతుళ్లూ వకీళ్లూ అక్కడే, ఆఫీసు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. జనం వాళ్లని ఓడించలేదు, జనం దాకా వాళ్లు రానేలేదు. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య గారని ఉండేవారు, ఐదుసార్లు ఎమ్మెల్యే, బస్సులోనే తిరిగేవారు. జనం దాకా వచ్చిన ఆయన కూడా 2009లో ఓడారు. 2003 నుంచి ఆస్తుల అఫిడవిట్టు పెట్టాలి కదా, చూడండి మన రెండు రాష్ట్రాల సభల్లో. నూటికి తొంభై మందికి పైగా కోటీశ్వరులే.

ఇప్పుడు పరిమితి 40 లక్షలు. నియోజకవర్గంలో రెండు లక్షల పైచిలుకు ఓటర్లు. మనిషికి 20 రూపాయలు కూడా పడవు. పోలింగుకి రెండు రాత్రుల ముందు మన వీధిలో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లా. డబ్బు పంచే పిల్లల చేతిలో ఓటర్ల లిస్టు జిరాక్సు, ఇంటింటికీ టిక్కు. ఆ పిల్లలు ముందు సొంత పార్టీవాళ్ల ఇళ్లకే వెళ్తారు, గమనించారా? ఎదుటివాడి ఓటు లాగడం తర్వాత, ముందు మనవాడు అలగకూడదు. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నికలో కవర్లు తమకి అందలేదని జనం రోడ్డెక్కారు, పేపర్లో చూడలా? పక్కింటికొచ్చి మనకి రాకపోతే అవమానం. రేషన్ కార్డు రానట్టే. 2023లో తెలంగాణలో ఎన్నికల వేళ పట్టుకున్న డబ్బూ, బంగారం, మందూ కలిపి 600 కోట్ల పైచిలుకు. పట్టుబడింది అంత.

ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఏడాది దాకా జైలని చట్టంలో ఉంది. అది ఎవరూ చదవరు, చదివినా నవ్వుతారు.

మొన్న 2024లో మన గుమ్మంలోకీ వచ్చారు ఇద్దరు కుర్రాళ్లు. నేను అరుగు మీద కూర్చుని, "మా ఇంట్లో అక్కర్లేదు, వెళ్లండ్రా" అన్నాను. ఇంతలో మీ నాయనమ్మ లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మీ తాత ఓటు మీ తాతది, నా ఓటు నాది, నా సంగతి ఆయన చెప్పేదేంటి?" అని గట్టిగా అడిగింది. కుర్రాళ్లు బిత్తరపోయారు. వాళ్లనేమడిగిందో, వాళ్లేమిచ్చారో, తీసుకుందో విసిరికొట్టిందో తెలీదు, నన్ను మాత్రం లోపలికి పొమ్మంది. ఎవరికేశావే అని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నాను. మీరూ అడగండి, మీకూ చెప్పదు.